ట్రాన్స్‌ఫర్‌లో కరిగిపోయే క్రెడిట్లు ఎవరివి?

పోయినేడు ఆగస్టులో ఒక ఆదివారం మధ్యాహ్నం మా అక్క కొడుకు లాప్‌టాప్ చంకలో పెట్టుకుని మా ఇంటికొచ్చాడు. "పిన్నీ, ఈ మెయిల్ ఒకసారి చూడు, మంచి వార్తో చెడ్డ వార్తో అర్థం కావట్లేదు" అన్నాడు. ఇక్కడ కాలిఫోర్నియాలోనే కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్లు చదివి, మూడో ఏడాదికి ఒక యూనివర్సిటీలో సీటు తెచ్చుకున్నాడు. మెయిల్లో ఉన్నది ఇది: నువ్వు చేసిన డేటా స్ట్రక్చర్స్ కోర్సుకి యూనిట్లు (వీటినే క్రెడిట్లు అంటారు) ఇస్తున్నాం, కానీ అది జనరల్ ఎలక్టివ్, అంటే అదనపు కోర్సు కింద వస్తుంది, మేజర్‌లో, అంటే డిగ్రీ ప్రధాన సబ్జెక్టులో లెక్కలోకి రాదు. అంటే యూనిట్లు పోలేదు, కోర్సు మాత్రం మళ్లీ మొదటి నుంచి చేయాలి, దాని మీద ఆధారపడ్డ తర్వాతి కోర్సులన్నీ ఒక సెమిస్టర్ వెనక్కి జరుగుతాయి. మన నోటు తీసుకున్నారు, సరుకు మాత్రం ఇవ్వలేదు.

వాడితో పాటు అదే క్లాసులో, అదే టీచర్ దగ్గర చదివి, అదే యూనివర్సిటీకి వెళ్తున్న ఒక నల్లజాతి అమ్మాయికి కూడా అదే మెయిల్ వచ్చిందట. ఆమె సంగతి తర్వాత చెప్తాను. ముందు ఈ ట్రాన్స్‌ఫర్ అనేది ఎలా పనిచేస్తుందో, దీంట్లోకి జాతి ఎక్కడి నుంచి వస్తుందో చెప్పాలి. ఎందుకంటే "రేషియల్ ఈక్విటీ", అంటే జాతుల మధ్య న్యాయం అనగానే మనవాళ్లలో చాలామందికి సీట్లు, కోటాలు, కటాఫ్‌లు గుర్తొస్తాయి. ఇక్కడ గొడవ అది కాదు.

కాలిఫోర్నియాలో 1960లో మాస్టర్ ప్లాన్ అని ఒకటి పెట్టుకున్నారు. హైస్కూల్‌లో పైవరుసలో ఉన్న ఎనిమిదో వంతు పిల్లలు యూసీలకి (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా), పై మూడో వంతు కాల్ స్టేట్ (కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ) క్యాంపస్‌లకి, మిగతా అందరికీ కమ్యూనిటీ కాలేజీ, అక్కడ బాగా చదివినవాళ్లు రెండేళ్ల తర్వాత పైకి ఎక్కొచ్చు. మూడంతస్తుల ఇల్లనుకుంటే ట్రాన్స్‌ఫర్ దానికి మెట్లు. ఇప్పుడు 116 కమ్యూనిటీ కాలేజీలున్నాయి, ఇక్కడి నివాసులకి యూనిట్‌కి 46 డాలర్లు, రెండేళ్లకి సరిపడా 60 యూనిట్లు చేస్తే 2,760 డాలర్లు. దేశంలో ఇంత చవగ్గా దొరికే చోట్లు చాలా తక్కువ. పైగా రాష్ట్రంలో నల్లజాతి, లాటినో పిల్లల్లో ఎక్కువమంది కాలేజీ చదువు మొదలుపెట్టేది ఈ కింది అంతస్తులోనే. అందుకే ఆ మెట్లు విరిగితే దెబ్బ అందరికీ సమానంగా తగలదు.

విరిగాయా అంటే, లెక్కలు చూడండి. దేశం మొత్తం మీద కమ్యూనిటీ కాలేజీలో చేరేవాళ్లలో దాదాపు 80 శాతం మంది తమకు బ్యాచిలర్స్ డిగ్రీ కావాలంటారు. మొత్తం చేరినవాళ్లలో ట్రాన్స్‌ఫర్ దాకా వెళ్లేది దాదాపు మూడో వంతు. ఆరేళ్లలో డిగ్రీ చేతికొచ్చేది 16 శాతం మందికి. 2024లో వచ్చిన లెక్కల్లో ఈ అంకె లాటినో విద్యార్థులకి 13, నల్లజాతి విద్యార్థులకి 9. వందమంది బయల్దేరితే తొమ్మిది మంది చేరారు. కాలిఫోర్నియా స్టేట్ ఆడిటర్ కూడా 2024లోనే, ట్రాన్స్‌ఫర్ కావాలని చేరినవాళ్లలో నాలుగేళ్లలోపు అయినవాళ్లు ఐదో వంతే అని తేల్చారు.

ఇదంతా పిల్లలు చదవక కాదా అని అడిగేవాళ్లుంటారు, అది న్యాయమైన ప్రశ్నే. కానీ ట్రాన్స్‌ఫర్ అయినవాళ్ల సంగతే చూడండి, అంటే చదివి, పాసై, సీటు తెచ్చుకున్నవాళ్లు. ఫెడరల్ ప్రభుత్వ ఆడిట్ సంస్థ జీఏవో 2017లో ఇచ్చిన రిపోర్టులో, 2004 నుంచి 2009 మధ్య కాలేజీ మారినవాళ్లు సగటున 43 శాతం క్రెడిట్లు పోగొట్టుకున్నారని అంచనా వేశారు. ఈ పోయినవన్నీ ఫెయిలైన కోర్సులు కావు, చాలావరకు పాసైనవే, ఫీజు కట్టినవే. అదే రిపోర్టులో ఇంకో అంకె నన్ను కదిలించింది: లాభాపేక్ష కోసం నడిచే ప్రైవేటు కాలేజీల నుంచి పబ్లిక్ కాలేజీలకి మారినవాళ్లకి పోయినవి 94 శాతం. ఆ కాలేజీలు ప్రకటనలు గుప్పించి చేర్చుకున్నది ఎవరినంటే, జనాభాలో వాళ్ల వాటాకి మించి నల్లజాతి పిల్లల్ని, ఒంటరి తల్లుల్ని, సైన్యం నుంచి తిరిగొచ్చినవాళ్లని. 2015లో కొరింథియన్, 2016లో ఐటీటీ టెక్ అనే అలాంటి పెద్ద కాలేజీ సంస్థలు మూతపడ్డప్పుడు వేలమంది చేతుల్లో ఏ కాలేజీ తీసుకోని మార్కుల షీట్లు, నెత్తిన లోన్లు మిగిలాయి.

మన దగ్గర డిప్లొమా చేసినవాళ్లు ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరతారు కదా, అక్కడ ఒక్కో సబ్జెక్టునీ పట్టుకుని ఇది చెల్లుతుంది, ఇది చెల్లదు అని ఎవరూ తూచరు. డిప్లొమా మొత్తానికీ ఒక ఏడాది విలువ కట్టేశారు, బాగుందో లేదో గానీ అందరికీ అదే కొలత. అమెరికాలో అలా కాదు. ప్రతి కోర్సునీ, అవతలి యూనివర్సిటీలో ఆ కోర్సుకి సమానమైనది ఉందా అని విడిగా చూస్తారు. అలా చూసే అధికారం చాలాచోట్ల ఆ డిపార్ట్‌మెంట్ చేతిలో ఉంటుంది.

కాలిఫోర్నియాలో దీనికి అసిస్ట్ అనే వెబ్‌సైట్ ఉంది. కాలేజీ పేరు, యూనివర్సిటీ పేరు, మేజర్ ఎంచుకుంటే రెండు వరుసల పట్టిక వస్తుంది. ఎడమవైపు యూనివర్సిటీ కోర్సు, కుడివైపు దానికి సరిపోయే కమ్యూనిటీ కాలేజీ కోర్సు, మధ్యలో బాణం. ఆ ఆదివారం మేము మావాడి పేజీ తెరిచాం. కాలిక్యులస్ ఎదురుగా కాలిక్యులస్ ఉంది, ఫిజిక్స్ ఎదురుగా ఫిజిక్స్ ఉంది, కిందికి పోతూ పోతూ ఉంటే డేటా స్ట్రక్చర్స్ ఎదురుగా "నో కోర్స్ ఆర్టిక్యులేటెడ్", అంటే సరిపోయే కోర్సు లేదు అని ఉంది. వీడి కాలేజీలో ఆ కోర్సు లేక కాదు, ఉంది, వీడు ఏ గ్రేడ్‌తో పాసయ్యాడు. కానీ కాలేజీలో చెప్పింది జావాలో, యూనివర్సిటీలో చెప్పేది సి++లో, అందుకని రెండింటి మధ్యా ఒప్పందం కుదరలేదు. అదే మేజర్‌కి ఇంకో యూసీ క్యాంపస్ తెరిస్తే అదే కోర్సు ఎదురుగా బాణం ఉంది. మూడు క్యాంపస్‌లకి అప్లై చేసే పిల్లాడు మూడు పట్టికలు పక్కపక్కన పెట్టుకుని చదవాలి. ఒకదానికి లీనియర్ అల్జీబ్రా ముందే కావాలి, ఇంకోదానికి అక్కర్లేదు, మూడోదానికి కెమిస్ట్రీ కావాలి. పద్దెనిమిదేళ్ల పిల్లలు మొదటి సెమిస్టర్‌లోనే వీటన్నింటినీ లెక్కేసుకుని ప్లాన్ చేసుకోవాలంటే పక్కన ఎవరో ఒకరు ఉండాలి.

జాతి ఈ కథలోకి వచ్చేది ఇక్కడే. పట్టికలో ఎక్కడా ఎవరి రంగూ రాసి ఉండదు. రాయడానికి వీల్లేదు కూడా: 1996లో ఇక్కడి ఓటర్లు ప్రొపొజిషన్ 209 పాస్ చేసి, పబ్లిక్ యూనివర్సిటీల అడ్మిషన్లలో జాతిని లెక్కలోకి తీసుకోవడాన్ని నిషేధించారు. 2020లో దాన్ని ఎత్తేయడానికి పెట్టిన ప్రతిపాదన ఓడిపోయింది. 2023 జూన్‌లో సుప్రీంకోర్టు దేశం మొత్తానికీ దాదాపు అదే నియమం చేసింది. కానీ రంగు చూడని పట్టికలో కూడా ఊరు కనిపిస్తుంది. డి ఆంజా, సాంటా మోనికా, డయాబ్లో వ్యాలీ లాంటి పెద్ద కాలేజీల్లో ట్రాన్స్‌ఫర్ సెంటర్లు బలంగా ఉంటాయి, అన్ని కోర్సులూ ఏటా నడుస్తాయి, యూసీలకి వెళ్లే పిల్లల్లో చాలామంది ఇలాంటి కొన్ని కాలేజీల నుంచే వెళ్తారు. తీరానికి దూరంగా, సెంట్రల్ వ్యాలీలోనో ఇన్‌లాండ్ ఎంపైర్‌లోనో ఉన్న చిన్న కాలేజీలో మూడో సెమిస్టర్ ఫిజిక్స్‌కి చాలినంతమంది చేరకపోతే ఆ ఏడాది ఆ క్లాసే ఉండదు, అది కావాల్సిన పిల్ల ఇంకో ఏడాది ఆగాలి. అక్కడ చదివేది ఎక్కువగా లాటినో పిల్లలు. ఫ్రెస్నో, స్టాక్టన్ వైపు ఆగ్నేయాసియా నుంచి వచ్చిన హ్మాంగ్, కంబోడియన్ కుటుంబాల పిల్లలు కూడా. వాళ్లనీ మనల్నీ కలిపి "ఏషియన్" అనే ఒకే గడిలో వేసి సగటు తీస్తారు, ఆ సగటులో వాళ్ల కష్టం కనపడకుండా పోతుంది.

కమ్యూనిటీ కాలేజీలో అడుగుపెట్టిన మొదటిరోజే ఇంకో వడపోత ఉండేది. ప్లేస్‌మెంట్ టెస్ట్ పెట్టి, మార్కులు తక్కువొస్తే స్కూల్ పాఠాలే మళ్లీ చెప్పే రిమీడియల్ మ్యాథ్స్, రిమీడియల్ ఇంగ్లిష్‌లో వేసేవాళ్లు. వాటికి ట్రాన్స్‌ఫర్ విలువ సున్నా. ఒకటి కాదు, కొన్నిచోట్ల మూడు నాలుగు మెట్లు, ఒక్కోటీ ఒక సెమిస్టర్. ఒకప్పుడు కాలిఫోర్నియాలో దాదాపు 80 శాతం మంది ఏదో ఒక రిమీడియల్ కోర్సులో పడేవాళ్లు, నల్లజాతి, లాటినో పిల్లల్లో ఇంకా ఎక్కువ. 2017లో ఏబీ 705 అనే చట్టం తెచ్చి, ఒక్క టెస్టు మీద కాకుండా హైస్కూల్ గ్రేడ్లు చూసి నేరుగా ట్రాన్స్‌ఫర్ స్థాయి కోర్సులో కూర్చోబెట్టమన్నారు. మొదటి ఏడాదిలోనే ఆ మ్యాథ్స్ కోర్సు పాసయ్యేవాళ్ల సంఖ్య అన్ని జాతుల్లోనూ బాగా పెరిగింది. జాతి పేరెత్తకుండా జాతి అంతరం మీద పనిచేసిన నియమం ఇది. దీన్ని వ్యతిరేకించిన టీచర్ల భయం కూడా ఉత్తదేం కాదు, క్లాసులో సాయం పెంచకుండా పిల్లల్ని పైకి నెడితే ఫెయిలయ్యేవాళ్లూ పెరుగుతారు, అలా జరిగిన కాలేజీలూ ఉన్నాయి. అయినా ఆ నాలుగు మెట్ల దారి ఎంతమందిని మింగేసిందో తలచుకుంటే, పాత పద్ధతికి వెనక్కి పోదామని నేను అననే అనను.

ఇక ప్రోత్సాహకాలు. ప్రభుత్వాలు ఎక్కువ మాట్లాడేది వీటి గురించే, నాకు ఎక్కువ అభ్యంతరం ఉన్నదీ ఇక్కడే. కాలిఫోర్నియా కాలేజ్ ప్రామిస్ పేరుతో మొదటిసారి కాలేజీలో చేరేవాళ్లకి రెండేళ్లు ఫీజు లేకుండా చేయొచ్చని చట్టం చేశారు. వినడానికి ఎంతో బాగుంది. షరతు ఏమిటంటే ఫుల్‌టైమ్, అంటే సెమిస్టర్‌కి కనీసం 12 యూనిట్లు చదవాలి. పేద విద్యార్థులకి ఫీజు మాఫీ అంతకుముందు నుంచే ఉంది, దానికి ఫుల్‌టైమ్ షరతు కూడా లేదు. అంటే ఈ కొత్త మాఫీతో కొత్తగా లాభపడింది ఎవరు? ఫీజు కట్టుకోగలిగిన ఇళ్ల పిల్లలు, ఉద్యోగం చేయకుండా ఫుల్‌టైమ్ చదవగలిగినవాళ్లు. మా అక్క కొడుకు లాంటివాళ్లు. వారానికి ముప్ఫై గంటలు పనిచేస్తూ రెండేసి కోర్సులు చదివే అమ్మాయికి పాత మాఫీ ఎలాగూ ఉంది, ఆమెకి కావాల్సింది అద్దె, బస్సు చార్జీలు, పిల్లల్ని చూసుకునే మనిషి. ప్రోత్సాహకం ఎవరి అవసరాన్ని బట్టి తయారైందో షరతులు చదివితే తెలిసిపోతుంది.

పెల్ గ్రాంట్ ఉంది, పేద విద్యార్థులకి ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే డబ్బు. 2012 నుంచి దానికి జీవితకాల పరిమితి పన్నెండు సెమిస్టర్లు. రిమీడియల్‌లో గడిపిన సెమిస్టర్, చెల్లని కోర్సులో గడిపిన సెమిస్టర్, అన్నీ ఆ పన్నెండులోంచే కరిగిపోతాయి. యూనివర్సిటీలో ఆఖరి ఏడాది, అంటే డిగ్రీ ఇంకో పది కోర్సుల దూరంలో ఉండగా గ్రాంట్ అయిపోయి చదువు మానేసేవాళ్లుంటారు. క్రెడిట్ పోవడం అంటే టైమ్ పోవడం ఒక్కటే కాదు, పేదవాళ్లకి అది చేతిలో ఉన్న డబ్బు పోవడం. దీనికి తోడు చాలా యూనివర్సిటీల్లో మెరిట్ స్కాలర్‌షిప్పులు మొదటి ఏడాదిలో చేరినవాళ్లకే ఇస్తారు. అంతకుముందు ఇంకో ఘోరం ఉండేది, పాత కాలేజీలో లైబ్రరీ ఫైనో పార్కింగ్ ఫైనో బాకీ ఉంటే ట్రాన్‌స్క్రిప్ట్ ఆపేసేవాళ్లు, ట్రాన్‌స్క్రిప్ట్ లేకపోతే ట్రాన్స్‌ఫర్ లేదు. కాలిఫోర్నియా 2019లో చట్టం చేసి దీన్ని ఆపింది.

ఈ ప్రోత్సాహకాలన్నీ గమనిస్తే ఒక సంగతి తేలుతుంది. ఇన్ని యూనిట్లు చదువు, ఇన్నేళ్లలో ముగించు, ఫలానా తేదీలోపు అప్లై చెయ్యి, అన్నీ విద్యార్థికే చెప్తాం. క్రెడిట్ కరిగిపోయేది మాత్రం విద్యార్థి దగ్గర కాదు, యూనివర్సిటీ డెస్క్ మీద. ఆ డెస్క్ దగ్గర కూర్చున్నవాళ్లకి కాదనడం వల్ల ఏ నష్టమూ లేదు. పైగా ఆ కోర్సు మళ్లీ చేయిస్తే ఆ ఫీజు వాళ్లకే వస్తుంది. అలాగని వాళ్లంతా డబ్బు కోసమే చేస్తారని నేను అనడం లేదు, తమ కోర్సు మీద తమకు పట్టింపు ఉన్న ప్రొఫెసర్లు నిజాయితీగానే కాదంటారు. కానీ కాదన్నందుకు జవాబు చెప్పాల్సిన పని లేనప్పుడు కాదనడం చాలా తేలిక. 1990 నాటి ఫెడరల్ చట్టం ప్రకారం కాలేజీలు ప్రకటించే గ్రాడ్యుయేషన్ రేటులో మొదటిసారి, ఫుల్‌టైమ్ చేరినవాళ్లే లెక్కకొస్తారు. ట్రాన్స్‌ఫర్ అయి వచ్చిన పిల్ల డిగ్రీ పూర్తిచేసినా, మధ్యలో మానేసినా ఆ అంకె కదలదు. ఇప్పుడు వాళ్లని కలిపి ఇంకో లెక్క విడిగా సేకరిస్తున్నారు, కానీ తల్లిదండ్రులు చూసేదీ, పేపర్లలో వచ్చేదీ పాత అంకే. 2018లో కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీల నిధుల ఫార్ములా మార్చి, పేద విద్యార్థుల్ని ట్రాన్స్‌ఫర్ దాకా తీసుకెళ్తే కాలేజీకి అదనంగా డబ్బిచ్చే పద్ధతి పెట్టారు. మంచిదే, కానీ అది పంపేవాళ్లకి. తీసుకునేవాళ్లకి అలాంటిది ఏదీ?

తీసుకునేవాళ్ల చేతులు కట్టేసిన చోట పని జరిగింది. ఫ్లోరిడా 1971లోనే, కమ్యూనిటీ కాలేజీలో ఏఏ (అసోసియేట్ ఆఫ్ ఆర్ట్స్) అనే రెండేళ్ల డిగ్రీ పూర్తిచేసినవాళ్లని స్టేట్ యూనివర్సిటీల్లో మూడో ఏడాదిలో చేర్చుకోవాలని ఒప్పందం రాసుకుంది. రాష్ట్రమంతా ఒకే సమానమైన కోర్సుకి ఒకే నంబర్. నంబర్ కలిస్తే తీసుకోవాల్సిందే, డిపార్ట్‌మెంట్ ఇష్టాయిష్టాలతో పనిలేదు. కాలిఫోర్నియా ఆ దారికి వచ్చేసరికి నలభై ఏళ్లు పట్టింది. 2010లో ట్రాన్స్‌ఫర్ కోసమే ఒక అసోసియేట్ డిగ్రీ పెట్టారు: కాలేజీలో 60 యూనిట్లు చేస్తే కాల్ స్టేట్‌లో ఇంకో 60తో డిగ్రీ పూర్తి, ఒక్కటి కూడా మళ్లీ చేయక్కర్లేదు. చిక్కేమిటంటే ఆ గ్యారంటీ కాల్ స్టేట్ మొత్తానికి, మీరడిగిన క్యాంపస్‌కి కాదు. అమ్మ డయాలిసిస్‌లో ఉండి, చెల్లెల్ని స్కూల్లో దింపాల్సిన అబ్బాయికి రెండొందల మైళ్ల అవతల సీటిచ్చి గ్యారంటీ నిలబెట్టుకున్నామంటే వాడికి అది సీటు కిందే లెక్కకాదు. యూసీలేమో ఈ డిగ్రీకి కట్టుబడలేదు, వాళ్ల గ్యారంటీ పద్ధతి ట్యాగ్ వేరే, అది ఆరు క్యాంపస్‌లకే, బర్క్‌లీ, లాస్ ఏంజిలెస్, శాన్ డియెగోలకి లేదు. 2023లో వచ్చిన ఏబీ 1291 చట్టంతో కొన్ని మేజర్లకి ట్రాన్స్‌ఫర్‌లో ప్రాధాన్యమిచ్చే ప్రయోగం యూసీఎల్‌ఏ నుంచే మొదలుపెట్టమన్నారు.

నాకు బాగా నచ్చిన మార్పు ఇంకోటి ఉంది, పెద్దగా ఎవరూ మాట్లాడుకోరు. 2021 చట్టం ప్రకారం, ట్రాన్స్‌ఫర్ నా లక్ష్యం అని రాసిన విద్యార్థిని కాలేజీయే ఆ ట్రాన్స్‌ఫర్ డిగ్రీ దారిలో పెట్టాలి, వద్దనుకుంటే విద్యార్థే బయటికి రావాలి. ఇంతకుముందు తెలిసినవాళ్లే వెతుక్కుని చేరేవాళ్లు, ఇప్పుడు తెలియనివాళ్లు కూడా దారిలోనే ఉంటారు. ఇంట్లో కాలేజీ మొహం చూసినవాళ్లు ఎవరూ లేని పిల్లకి పది స్కాలర్‌షిప్పుల కన్నా ఇది ఎక్కువ. అదే ఏడాది చేసిన ఇంకో చట్టంతో 116 కాలేజీల్లోనూ కోర్సు నంబర్లు ఒకటవుతున్నాయి. మొదటి విడత 2025లో వచ్చింది, ఇంగ్లిష్ కాంపొజిషన్ ఏ కాలేజీలో చదివినా ఇప్పుడు సి1000. నల్లజాతి విద్యార్థుల కోసం పేరుపెట్టి చేసినవి కూడా ఉన్నాయి: చారిత్రక నల్లజాతి కాలేజీలతో (వర్ణ వివక్ష రోజుల్లో నల్లజాతివాళ్ల కోసం పెట్టినవి) 2015లో ట్రాన్స్‌ఫర్ గ్యారంటీ ఒప్పందం కుదుర్చుకున్నారు, అవన్నీ వేరే రాష్ట్రాల్లో ఉంటాయి, కాల్ గ్రాంట్ అనే ఇక్కడి రాష్ట్ర సాయం అక్కడికి రాదు, అందుకని 2023లో అలా వెళ్లేవాళ్లకి 5,000 డాలర్ల వరకు సాయం ఇవ్వాలని చట్టం చేశారు.

ఇందులో మనకేంటి అని అడిగే తెలుగువాళ్లకి ఒక మాట. పదేళ్ల కిందట బే ఏరియాలో పిల్లాడు కమ్యూనిటీ కాలేజీలో చేరాడంటే ఫంక్షన్లలో తల్లిదండ్రులు మాట మార్చేసేవాళ్లు. ఇప్పుడు యూసీ సీటు కోసం కావాలనే ఆ దారి పడుతున్నారు. వాట్సాప్ గ్రూపుల్లో అసిస్ట్ పట్టికలు, ట్యాగ్ తేదీలు, ఏ టీచర్ దగ్గర తీసుకోవాలి, అన్నీ దొరుకుతాయి. మన పిల్లల్ని గట్టెక్కిస్తున్నది తెలివి ఒక్కటే కాదు, ఈ గ్రూపులు కూడా. సీటు ఒకరికిస్తే ఇంకొకరికి పోతుంది, అక్కడ వాదనలుంటాయి. క్రెడిట్ అలాంటిది కాదు. మావాడి క్లాసులో చదివిన ఆ నల్లజాతి అమ్మాయి కోర్సు చెల్లితే మావాడి కోర్సు పోదు.

ఆ అమ్మాయి గురించి చెప్తానన్నాను కదా. మా బావ మొదటి సెమిస్టర్‌లోనే కొడుక్కి ఒకటి నేర్పారు, ప్రతి కోర్సు సిలబస్‌నీ, అసైన్‌మెంట్లనీ ఫోల్డర్ పెట్టి దాచుకోమని. ఆయన ఇంజినీర్, హెచ్1బి కాగితాలతో ఇరవై ఏళ్లు వేగినవాడు, కాగితం విలువ ఆయనకి తెలుసు. మేము ఆ సిలబస్, ప్రాజెక్టులు, పాఠ్యపుస్తకం పేరు కలిపి ఆ ఆదివారం రాత్రే డిపార్ట్‌మెంట్‌కి అప్పీల్ పంపాం. పదకొండు రోజులకి జవాబొచ్చింది, కోర్సు మేజర్‌లో ఒప్పుకున్నామని. ఆ అమ్మాయికి మెయిల్ వస్తే మళ్లీ చేయాలనే అర్థమైంది, అప్పీల్ అనేది ఒకటుంటుందని ఎవరూ చెప్పలేదు, మెయిల్లోనూ లేదు. ఆమె రాత్రిపూట గిడ్డంగిలో పనిచేస్తుంది. సిలబస్ దాచుకోలేదు, ఆ పార్ట్‌టైమ్ టీచర్ కాలేజీ వదిలి వెళ్లిపోయాడు, కోర్సు వెబ్‌పేజీ మూసేశారు.

మావాడు క్లాసుల రెండో వారంలో ఆమెని లైబ్రరీ దగ్గర కలిసినప్పుడు సంగతి తెలిసి, తన ఫోల్డర్ మొత్తం ఆమెకి పంపాడు. అదే సిలబస్ కదా, అదే సెమిస్టర్. ఆమె అప్పీల్ కూడా ఒప్పుకున్నారు. కానీ ఆ జవాబు వచ్చేసరికి, మళ్లీ చేయడానికి రిజిస్టరైన ఆ కోర్సు ఫీజు వెనక్కిచ్చే గడువు దాటి నాలుగు రోజులైంది, రాత్రి షిఫ్ట్‌ని ఆ క్లాసు టైమ్‌కి సరిపోయేలా అప్పటికే మార్పించుకుంది కూడా.